జార్జి గామో విశ్వోత్పత్తి రచనలు: హాస్యౌచిత్య విచారము

శాస్త్రగ్రంథములు సాహిత్యవిమర్శకు విషయములు కావను అభిప్రాయము మనలో చాలమందికి కలదు. శాస్త్రజ్ఞుడు చెప్పినది సత్యమా యను పరీక్ష శాస్త్రజ్ఞులకే చెందును; అందు సందేహము లేదు. కాని చెప్పినవాడు దానిని ఎట్లు చెప్పెను, ఆ చెప్పు తీరువలన విషయమునకు మేలు కలిగెనా, కీడు కలిగెనా యను పరీక్ష సాహిత్యవిమర్శకునిది. 1906లో విజ్ఞానచంద్రికామండలి వెలసిన నాటినుండి తెలుగున శాస్త్రవచనము ఒక ప్రత్యేకశాఖగా పెరిగినది. ఆ శాఖకు సంబంధించిన లక్షణచర్చలో ఒక ప్రశ్న ఇంకను మిగిలియున్నది. శాస్త్రవచనమున హాస్యమునకు తావు కలదా? కలదన్నచో దానికి హద్దేది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మేము జార్జి గామో రచనలను ఎన్నుకొంటిమి. కారణములు రెండు. విశ్వము మిక్కిలి వేడిగా, మిక్కిలి దట్టముగా నున్న తొలి నిమిషములలో ఏమి జరిగియుండునో కేంద్రకభౌతికశాస్త్రము ననుసరించి లెక్కకట్టుటకు పూనుకొన్న మొదటివారిలో ఇతడు ముఖ్యుడు. అంతటి గంభీరవిషయమును నవ్వుచు, నవ్వించుచు చెప్పినవాడును ఇతడే. ఇతని హాస్యము రచనకు పైపూతగా అంటించిన అలంకారము కాదనియు, అది ఇతని శాస్త్రదృష్టిలోనే భాగమనియు, అయినను ఒక్క తావున ఔచిత్యము తప్పినదనియు, ఆ తప్పునకు మూల్యము చెల్లించినవాడు ఇతడు కాక ఇతని శిష్యుడనియు ఈ వ్యాసమున నిరూపింపదలచితిమి.

ముందుగా ఇతని జీవితమును సంగ్రహముగా చూతము. గామో 1904లో నల్లసముద్రతీరమునందలి ఒడెస్సా నగరమున జన్మించెను. ఐన్‌స్టీన్ సమీకరణములనుండి వ్యాకోచించు విశ్వమును 1922లో గణితముచే రాబట్టిన అలెగ్జాండర్ ఫ్రీడ్మన్, లెనిన్‌గ్రాడు విశ్వవిద్యాలయమున ఇతనికి ఉపాధ్యాయుడు. ఫ్రీడ్మన్ 1925లో మరణించుటచే ఆ శిష్యరికము కొనసాగలేదు. 1928 వేసవిలో గామో గోటింగెన్ పట్టణమునకు పోయి, రేడియోధార్మిక పరమాణువు ఆల్ఫాకణమును వెలువరించు విధమును క్రొత్తదైన క్వాంటం సిద్ధాంతముచే వివరించెను. కేంద్రకము చుట్టునున్న శక్తిప్రాకారమును దాటుటకు చాలినంత బలము లేని కణము కూడ ఒక్కొక్కప్పుడు ఆ ప్రాకారమునకు ఆవల కానవచ్చునని చూపెను. అదే కాలమున గర్నీ, కాండన్ అను ఇరువురు వేరుగా ఈ వివరణమునే కనుగొనిరి. పిమ్మట గామో కోపెన్‌హేగెన్‌లో బోర్ వద్దను, కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డు వద్దను పనిచేసి స్వదేశమునకు మరలెను. అప్పటికి అచ్చటి ప్రభుత్వము శాస్త్రజ్ఞుల విదేశయాత్రలను కట్టుదిట్టము చేసియుండెను.

1932లో గామో తన భార్యతో కూడి ఒక చిన్న తెడ్లపడవలో నల్లసముద్రమును దాటి క్రిమియానుండి తుర్కీదేశమునకు తప్పించుకొనిపోవ యత్నించెను. గాలివానచే ఆ యత్నము విఫలమై వారు మరల ఒడ్డు చేరిరి. 1933లో బ్రస్సెల్సులో జరిగిన సాల్వే సభకు భార్యతో కూడ పోవుటకు అనుమతి దొరకెను. పోయినవారు తిరిగి రాలేదు. 1934 మొదలు 1956 వరకు వాషింగ్టను నగరమునందలి జార్జి వాషింగ్టను విశ్వవిద్యాలయమునను, అటుతరువాత 1968లో మరణించు వరకు కొలరాడో విశ్వవిద్యాలయమునను ఇతడు ఆచార్యుడుగా నుండెను.

ఆ పడవప్రయాణ వృత్తాంతము, మరణానంతరము 1970లో వెలువడిన ఇతని ఆత్మకథలో కలదు. ప్రాణాపాయము, రాజభయము రెండును కూడిన ఘట్టమది. వేరొకడైనచో దానిని భయానకముగానో, కరుణముగానో నడిపియుండును. గామో మాత్రము వెంట గొనిపోయిన కోడిగ్రుడ్లను, చాక్లెట్టును లెక్కపెట్టుచు దానిని విహారయాత్రవలె చెప్పును. హాస్యము ఆత్మస్థమనియు, పరస్థమనియు రెండు విధములని భరతుడు విభజించెను. తాను నవ్వుట ఆత్మస్థము; ఇతరులను నవ్వించుట పరస్థము. గామో రచనలలో ఈ రెండును విడదీయరానివి. భయపడవలసిన చోట తాను ముందు నవ్వి, ఆ నవ్వును ఆసరాగా చేసికొని పాఠకుని వెంట తీసికొనిపోవుట ఇతని పద్ధతి. ఈ పద్ధతియే ఇతని శాస్త్రరచనలలోను కానవచ్చును.

ఇందుకు మొదటి ఉదాహరణము టాంప్‌కిన్సు కథలు. ఇవి 1938లో కేంబ్రిడ్జినుండి వెలువడు ‘డిస్కవరీ’ పత్రికలో ఆరంభమైనవి. ఆ పత్రికకు అప్పుడు సంపాదకుడు నవలాకారుడైన సి. పి. స్నో. కథానాయకుడు ఒక బ్యాంకు గుమాస్తా. సాయంకాలము భౌతికశాస్త్రోపన్యాసమునకు పోయి, అచ్చట నిద్రపోయి, విన్నదియు విననిదియు కలగలిసిన స్వప్నములు కనుచుండును. ఒక స్వప్నములోని నగరమున కాంతివేగము మిక్కిలి తక్కువ. సైకిలు త్రొక్కువాడు దానిని సమీపింపగలడు. అందుచే వీథిలో పోవు సైకిలువాడు నొక్కివేసినట్లు పలుచగా కనబడును. తానే సైకిలెక్కినచో వీథులు పొట్టివగును. వేరొక స్వప్నమున బిలియర్డు బల్లపై బంతి ఇచ్చట నున్నదని చెప్పవీలు లేక పలుచోట్ల వ్యాపించి కదలాడును.

ఇచ్చటి చమత్కారమెట్టిదో గమనింపవలెను. గామో ప్రకృతినియమములను మార్చలేదు. ఆ నియమములలోని స్థిరాంకముల పరిమాణమును మాత్రము మార్చెను. నాయకుని పేరునకు ముందున్న మూడు పొడి అక్షరములు సైతము ఆ మూడు స్థిరాంకముల సంకేతములే: కాంతివేగము, గురుత్వాకర్షణ స్థిరాంకము, ప్లాంక్ స్థిరాంకము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ ఊహాదేశమును కల్పించి మన దేశపు ఆచారములను మనకే చూపినట్లు, ఈ కథలు ఊహానగరమును కల్పించి మనమున్న విశ్వమును మనకే చూపును. హాస్యమును తీసివేసినచో శాస్త్రార్థము నిలువదు; శాస్త్రార్థమును తీసివేసినచో హాస్యము నిలువదు. ఈ అన్యోన్యాశ్రయమునే మేము ఔచిత్యమనుచున్నాము. వేగముగా పోవు వస్తువు కంటికి పలుచబడినట్లు కాక త్రిప్పినట్లు కనబడునని 1959లో పెన్‌రోజ్, టెరెల్ వేరువేరుగా చూపిరి. కావున సైకిలువాని చిత్రము కొలతకు సరియైనను దృశ్యమునకు సరికాదు. అయినను ఆ దోషము గణనలోనిదే కాని హాస్యములోనిది కాదు.

ఇక విశ్వోత్పత్తి విషయము. 1940 తరువాతి దశాబ్దమున ఈ శాస్త్రశాఖకు గౌరవము తక్కువ. దూరనక్షత్రకూటములు మననుండి దూరమగుచున్నవని తెలిసియుండెను. కాని ఆ గమనమును వెనుకకు త్రిప్పి విశ్వము యొక్క తొలిక్షణములను గూర్చి లెక్కలు కట్టుట వేదాంతచర్చవంటిదని పెక్కుమంది తలచిరి. గామో 1946లో ఆ లెక్కకు పూనుకొనెను. మూలకములన్నియు ఆ తొలివేడిలోనే వండబడెనని అతని ఊహ. శిష్యుడైన రాల్ఫ్ ఆల్ఫర్ ఆ ఊహకు గణితరూప మిచ్చెను. మొదట నున్న న్యూట్రానులలో కొన్ని ప్రోటానులుగా మారుననియు, విశ్వము చల్లబడినకొలది అవి ఒకదానినొకటి పట్టుకొని క్రమముగా బరువైన కేంద్రకములగుననియు వారి సిద్ధాంతము. ఆ మూలద్రవ్యమునకు ‘ఐలెం’ అను ప్రాచీన పదమును ఆల్ఫర్ నిఘంటువున వెదకి తెచ్చెను.

ఈ సిద్ధాంతమును సామాన్యపాఠకులకు చెప్పిన గ్రంథము 1952లో వెలువడిన ‘విశ్వసృష్టి’. అందలి వచనమునకు ప్రధానగుణము వంటశాలను తలపించు సరళత. సృష్టియంతయు భోజనమునకు కూర్చున్నంత సేపటిలో ముగిసినదను ధోరణి గ్రంథమంతట వ్యాపించియుండును. ఈ చనువు విషయమునకు తగునా యని ప్రశ్నింపవచ్చును. తగునని మా సమాధానము. బ్రహ్మాండోత్పత్తిని గూర్చి గంభీరముగా మాటాడుట మానవజాతికి అనాదిగా అలవాటు. ఆ గాంభీర్యమువలన భక్తి పుట్టును గాని లెక్క పుట్టదు. లెక్క పుట్టవలెనన్న ఆ విషయమును చేతితో ముట్టుకొను చనువు కావలెను. గామో హాస్యము ఆ చనువును కల్పించెను. ఎవ్వరును అడుగ సాహసింపని ప్రశ్నను ఆటగా అడుగుటచే అతడు దానిని అడుగదగిన ప్రశ్నగా మార్చెను.

ఈ సిద్ధాంతమునకు వచ్చిన పెద్ద చిక్కును గామో స్వీకరించిన తీరు ఇంకను ప్రశంసనీయము. ఐదు కణములు గల స్థిరకేంద్రకము ప్రకృతిలో లేదు. ఎనిమిది కణములు గలదియు లేదు. కావున హీలియమును దాటి మెట్లెక్కుట ఆ తొలివేడిలో సాధ్యము కాదు. బరువైన మూలకములు నక్షత్రగర్భములలో పుట్టినవని చూపినవారిలో ప్రముఖుడు ఫ్రెడ్ హాయిల్. 1957లో బర్బిడ్జి దంపతులు, ఫౌలర్, హాయిల్ కలిసి ప్రకటించిన వ్యాసము అందుకు ప్రమాణగ్రంథము. ఈ హాయిలే విశ్వమునకు ఆరంభము లేదను స్థిరస్థితివాదమున గామోకు ప్రతివాది. ‘బిగ్ బాంగ్’ అను పేరును 1949లో బి. బి. సి. ప్రసంగమున మొదట పలికినవాడు. గామో ఈ ఓటమిని బైబిలు సృష్టికాండకు అనుకరణముగా ఒక చిన్న పరిహాసరచనలో చెప్పుకొనెను. దేవుడు సంఖ్యలను వరుసగా పిలుచుచు ఐదును పిలుచుట మరచెననియు, పొరపాటును దిద్దుటకు హాయిల్‌ను సృష్టించి, బరువైన మూలకములను నీకు తోచిన రీతిని చేసికొమ్మని ఆజ్ఞాపించెననియు అందలి సారము. ఎగతాళి సృష్టికర్తమీదికి పోయినది. తప్పు తన సిద్ధాంతమున కంటినది. గౌరవము ప్రతివాదికి దక్కినది. శాస్త్రవాదములలో ఇంతటి ఉదారమైన ఓటమిపత్రము అరుదు. ఉత్తమప్రకృతుల నవ్వునకు భరతుడు పెట్టిన స్మితమను పేరు దీనికి చెల్లును.

ఇప్పుడు ఔచిత్యము తప్పిన తావును పరిశీలింతము. 1948 ఏప్రిలు 1వ తేదీగల ‘ఫిజికల్ రివ్యూ’ సంచికలో మూలకముల పుట్టుకను గూర్చిన ఒక చిన్న లేఖ వెలువడెను. దాని ఆధారము ఆల్ఫర్ డాక్టరేటు పట్టమునకై చేసిన పరిశోధన. వ్రాసినవారు ఆల్ఫర్, గామో. కాని ముద్రితమైన పేర్లు మూడు: ఆల్ఫర్, బేతే, గామో. హాన్స్ బేతే ఆ పనిలో పాల్గొనలేదు. ఆల్ఫా, బీటా, గామా అను గ్రీకు అక్షరముల వరుస కుదురుటకై గామో ఆ పేరును నడుమ చేర్చెను, బేతే అడ్డుచెప్పలేదు. తరువాత రాబర్ట్ హెర్మన్ అను మరియొకడు వీరితో చేరగా, డెల్టా కుదురునట్లు అతడు పేరు మార్చుకొనుటకు మొండిగా నిరాకరించుచున్నాడని గామో ‘విశ్వసృష్టి’లో వ్రాసెను.

ఈ చమత్కారము మన ఆలంకారికుల ముద్రాలంకారమునకు దగ్గరిది. శబ్దదృష్టితో చూచిన మనోహరమే; అక్షరమాల ఆరంభముతో విశ్వారంభమును ముడివేయుటలో ధ్వనియు కలదు. కాని క్షేమేంద్రుని ఔచిత్యవిచారము శబ్దముతో ఆగదు. స్థలమును, కాలమును, పాత్రమును కూడ అడుగును. స్థలము పరిశోధనపత్రిక, అచ్చట కర్తల పేరు అలంకారము కాదు, సాక్ష్యము. కాలము ఒక యువకుడు తన మొదటి పేరు సంపాదించుకొను సమయము. పాత్రమో, ఒకవైపు నక్షత్రములు వెలుగుటకు కారణమును కనుగొని అదివరకే లోకప్రసిద్ధుడైన బేతే, మరియొకవైపు స్వయముగా ప్రసిద్ధుడైన గామో. ఇరువురి నడుమ ఎవ్వరికిని తెలియని ఆల్ఫర్. చదివినవారు ఆ పని ఆ పెద్దలదే యనుకొనుట సహజము. తన కృషి మరుగునపడునని ఆనాడే తాను నొచ్చుకొంటినని ఆల్ఫర్ పిమ్మట చెప్పియున్నాడు. టాంప్‌కిన్సు కథలలో నవ్వు అర్థమును మోసినది. ఇచ్చట మనుష్యుని పేరు నవ్వును మోయవలసివచ్చినది. భేద మిదియే.

దీనికి పూర్వపక్షము లేకపోలేదు. ఈ పరిహాసము హానికరము కాదనియు, దీనివలననే ఆ లేఖకు ప్రసిద్ధి కలిగినదనియు, ఆ ఏటనే ఆల్ఫర్ తన సిద్ధాంతగ్రంథమును సమర్థించుకొనిన సభకు 300 మంది వరకు వచ్చిరనియు, వార్తాపత్రికలు సృష్టి ఐదు నిమిషములలో జరిగెనని ప్రకటించెననియు కొందరనవచ్చును. ప్రసిద్ధి కలిగిన మాట నిజమే. కాని ఆ ప్రసిద్ధి ఎవరికి, ఎన్నాళ్లు అను ప్రశ్న మిగిలియుండును. సభకు వచ్చిన జనము మరునాటికి చెదిరిపోవుదురు. పరిశోధనపత్రికలోని పేర్లు నిలిచియుండును. మరియు ఆ ప్రసిద్ధి మూలకములను గూర్చిన లేఖదే; దానికంటె చిరస్థాయియైన ఫలితము వేరొకటి అప్పుడే పుట్టి, ఎవ్వరి కంటను పడక పోయినది.

1948లోనే ఆల్ఫర్, హెర్మన్ కలిసి ‘నేచర్’ పత్రికకు ఒక లేఖ వ్రాసిరి. గామో లెక్కలలోని కొన్ని పొరపాట్లను సవరించుచు, తొలివేడినాటి వికిరణము విశ్వముతోపాటు చల్లబడి నేటికిని అంతటను నిండియుండవలెననియు, దాని ఉష్ణోగ్రత పరమశూన్యమునకు పైన సుమారు 5 డిగ్రీలుండవలెననియు అందు తెలిపిరి. దానిని కొలుతమని ఆనాడు ఎవ్వరును పూనుకొనలేదు. ఆల్ఫర్ 1955లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకును, హెర్మన్ 1956లో జనరల్ మోటార్సు సంస్థకును పోయిరి. గామో మనసు అప్పటికే జీవకణములోని సంకేతభాషవైపు మరలియుండెను. 1965లో బెల్ ప్రయోగశాలలకు చెందిన పెంజియాస్, విల్సన్ తమ దూరశ్రవణ ఆంటెన్నాలో ఆకాశమున అన్ని దిక్కులనుండియు సమానముగా వచ్చు సుమారు 3.5 డిగ్రీల వికిరణమును కనుగొన్నట్లు ప్రకటించిరి. దాని అర్థమును ప్రిన్స్‌టనుకు చెందిన డిక్కీ, పీబుల్స్ మొదలగువారు స్వతంత్రముగా ఊహించి పక్కవ్యాసమున వివరించిరి. ఆ రెండు వ్యాసములలోను 1948 నాటి లేఖ ప్రస్తావన లేదు. 1978లో నోబెల్ బహుమానము పెంజియాస్, విల్సనులకు లభించెను. నేటి కొలత ప్రకారము ఆ ఉష్ణోగ్రత 2.725 డిగ్రీలు.

గామో హాస్యమే ఈ విస్మృతికి కారణమా? అట్లని తేల్చిచెప్పుట అతివ్యాప్తి యగును. స్టీవెన్ వైన్‌బర్గ్ 1977లో ‘తొలి మూడు నిమిషములు’ అను గ్రంథమున ఈ ప్రశ్ననే చర్చించి మూడు కారణములు చూపెను: మూలకములన్నిటిని పుట్టింపలేక ఆ సిద్ధాంతము చిక్కుపడుట, గణనచేయువారికిని కొలుచువారికిని సంబంధము తెగుట, అన్నిటికంటె ముఖ్యముగా తొలివిశ్వమును గూర్చిన ఏ సిద్ధాంతమునైనను సత్యముగా భావించుటకు మనసొప్పకపోవుట. ఈ మూడవ కారణమును మేము సాహిత్యదృష్టితో చదువుచున్నాము. మనసొప్పని విషయమును గామో చమత్కారముచే ముందుకు తెచ్చెను. కాని తెచ్చిన పిమ్మట అది ఆట కాదని చెప్పు స్వరమును మార్చలేదు. ప్రశ్నను పుట్టించుటకు నవ్వు చాలినది. ఉత్తరమును నమ్మించుటకు చాలలేదు. పైగా వికిరణపు ఉష్ణోగ్రతను గామో తన వేరువేరు రచనలలో వేరువేరుగా చెప్పుట వలన పాఠకునకు అది కొలువదగిన నిశ్చితవస్తువను భావము బలపడలేదు. ఆల్ఫర్, హెర్మనుల పొడివచనమున ఆ నిశ్చయమున్నది. దానిని చదివినవారు లేరు.

1965 తరువాత గామో తన హాస్యమును విడువలేదు; దాని రుచి మాత్రము మారినది. ఒక సభలో అతడు, తానొక నాణెమును పోగొట్టుకొంటిననియు, దాదాపు అదే తావున వేరొకరికి నాణెము దొరకినదనియు, నాణెములన్నియు ఒక్కతీరుననే యున్నను అది తనదే యని తనకు తోచుచున్నదనియు చెప్పినట్లు ప్రసిద్ధి. ఈ మాటలో నవ్వున్నది. దాని అడుగున నొప్పియు నున్నది. కాని పోయిన నాణెములో ఎక్కువభాగము ఆల్ఫరుది, హెర్మనుది. 1978 నోబెల్ ఉపన్యాసమున పెంజియాస్ ఈ మువ్వుర కృషిని చెప్పెను. పీబుల్సును తన తరువాతి రచనలలో దానిని గుర్తించెను. హెర్మన్ 1997లో మరణించెను. అమెరికాప్రభుత్వపు జాతీయ విజ్ఞానపతకము 2005 సంవత్సరమునకు ఆల్ఫరునకు ప్రకటింపబడి, 2007 జూలైలో ఆయన బదులు ఆయన కుమారునకు అందింపబడెను. ఆ మరుసటి నెలలోనే ఆల్ఫర్ కన్నుమూసెను.

ఈ పరిశీలనమువలన తేలినది సంగ్రహముగా చెప్పుదుము. శాస్త్రవచనమున హాస్యమునకు తావు కలదు. కొన్ని విషయములలో హాస్యము లేనిదే ద్వారము తెరవబడదు. తొలివిశ్వచర్చను భయమునుండి విడిపించినది గామో నవ్వే. 1956లో యునెస్కో వారి కళింగ బహుమానము ఇతనికి లభించుట సముచితము. హాస్యము అర్థమును పాఠకునికి దగ్గర చేయునంతవరకు అది గుణము. తన మీదికి త్రిప్పుకొన్నప్పుడు గుణోత్తరము. అది సహచరుని పేరునకు చెందవలసిన చోటును ఆక్రమించినపుడు మాత్రము దోషము. ఆ దోషమును ఎంతటి శబ్దసౌందర్యమును మాన్పలేదు. శాస్త్రమును నవ్వుచు చెప్పదలచిన తెలుగు రచయితలు గామో వద్ద మొదటి రెంటిని నేర్వవలెను. మూడవదానిని ఆల్ఫర్ జీవితమునుండి నేర్వవలెను. ఆ లేఖను ఉదాహరించునపుడు గ్రీకు అక్షరములకు మారుగా పనిచేసినవారి పేర్లనే వ్రాయుట ఈ విషయమున మనము చేయగల మొదటి దిద్దుబాటు.